అచ్చు టీ షర్టా, మగ్గం చొక్కానా: సముద్రం పేరు పెట్టుకున్న బట్టకు ఏది మేలు?

భైరవపాలెం రేవులో పడవ నడిపే సరంగు ఒకరు నా టీ షర్టును చేతిలోకి తీసుకున్నారు. దాని మీద నేను నెల రోజులు గీయించిన లంగరు బొమ్మ ఉంది. ఆయన దాన్ని చూడలేదు. కింది అంచును బొటనవేలితో నలిపి, “తడిస్తే ఇది ఎంతసేపటికి ఆరుతుంది బాబూ?” అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. అప్పటి వరకు నేను బొమ్మ గురించే ఆలోచించాను, గుడ్డ గురించి ఆలోచించలేదు.

ఓడలు, పడవలు, నీట మునిగి పనిచేసేవారి జీవితం స్ఫూర్తిగా చిన్న దుస్తుల బ్రాండు నడుపుతున్నాను. సగం సరుకు తిరుప్పూరు నుంచి తెచ్చి అచ్చు వేయించే టీ షర్టులు, సగం కోనసీమ మగ్గాల గుడ్డతో ఇక్కడే కుట్టించే చొక్కాలు. ఇదే దారిలో అడుగుపెట్టాలనుకునే కుర్రవాళ్ళు తరచు అడిగే ప్రశ్న ఒక్కటే: రెండింటిలో దేనితో మొదలుపెట్టాలి? నా మాట ముందే చెబుతాను. చేతిలో డబ్బు తక్కువగా, ఓపిక ఎక్కువగా ఉంటే మగ్గం చొక్కాతో మొదలుపెట్టండి. చాలామంది దీనికి సరిగ్గా తిరగేసి చెబుతారు కాబట్టి కారణాలు వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక స్పష్టత. ఈ రెండూ నీటి అడుగున వేసుకునే బట్టలు కావు. సముద్రంలో డైవింగ్ చేసేవారు వేసుకునేది నియోప్రీన్ అనే రబ్బరు సూటు, వెచ్చని నీటిలోనైతే ఒంటికి అతుక్కునే పాలిస్టర్ చొక్కా. నూలు బట్ట నీరు తాగి బరువెక్కుతుంది, ఒంటి వేడిని లాగేస్తుంది. రాజమండ్రి దగ్గర గెడ పట్టుకొని, బకెట్టుతో గోదావరి అడుగుకు మునిగి ఇసుక తెచ్చే మనుషుల ఒంటి మీద చొక్కా ఉండనే ఉండదు. మనం అమ్మేది నీటి నుంచి పైకి వచ్చాక తొడుక్కునే బట్ట, పడవ మీద, రేవులో, ఇంటి అరుగు మీద వేసుకునే బట్ట. కొనేవారికి ఈ మాట దాచకుండా చెప్పాలి.

టీ షర్టు సౌకర్యం సామాన్యమైనది కాదు. ఫోను చేస్తే వారంలో సరుకు వస్తుంది. చదరపు మీటరుకు 180 గ్రాముల గుడ్డ, అన్ని సైజులు, పది రంగులు. అల్లిక గుడ్డ సాగుతుంది కాబట్టి సైజు కాస్త అటూ ఇటూ అయినా ఒంటికి సర్దుకుంటుంది, వెనక్కి వచ్చే ఆర్డర్లు తక్కువ. అల్లిక బట్టకు సముద్రంతో చుట్టరికం లేదనలేం. ఇంగ్లిషు ఛానల్లోని గెర్న్సీ దీవి జాలరుల ఉన్ని స్వెట్టరు అల్లికే. ఫ్రెంచి నౌకాదళం 1858లో నావికుల దుస్తుగా ఖరారు చేసిన నీలి చారల బనీను కూడా అల్లికే. కానీ అవి చలిగాలి దేశాల అవసరం నుంచి పుట్టాయి. మే నెలలో యానాం వంతెన మీద నిలబడినవారికి ఆ అవసరం ఉండదు.

టీ షర్టులో అసలు చిక్కు అచ్చు దగ్గర వస్తుంది. మన దగ్గర ఎక్కువగా వేసేది ప్లాస్టిసాల్ అనే ప్లాస్టిక్ ఆధారిత సిరాతో స్క్రీన్ ప్రింటు. కొత్తలో మెరుస్తుంది, నల్ల గుడ్డ మీద కూడా తెలుపు గట్టిగా పడుతుంది. అది గుడ్డలోకి ఇంకదు, పైన పొరగా కూర్చుంటుంది. కింద గుడ్డ సాగుతుంది, పైన పొర అంతగా సాగదు. సిరాను ఆరబెట్టేటప్పుడు వేడి సరిగ్గా అందకపోతే పది ఉతుకులకే బీటలు వారుతుంది. నా మొదటి దఫా షర్టు ఒకటి ఒక వానాకాలం తరువాత చూశాను. లంగరు కొక్కెం విడిగా, కాడ విడిగా, మధ్యలో ఎండిన చెరువు మట్టిలా పగుళ్ళు. గోటితో గీస్తే పొట్టు రాలింది. అచ్చు ఉన్న చోట గాలి ఆడక, వేసుకున్నవారి రొమ్ము మీద చెమటకాయలు లేచాయి. నీటి ఆధారిత సిరా అయితే గుడ్డలో కలిసిపోతుంది, చేతికి తగలదు. లేత రంగు గుడ్డ మీద అది చాలా బాగుంటుంది, ముదురు రంగు మీద వెలవెలబోతుంది. టీ షర్టే చేయాలనుకుంటే తెలుపు, ఇసుక రంగు, లేత నీలం తీసుకొని నీటి సిరాతో, అరచేతి కంటే పెద్దది కాని బొమ్మ వేయించండి.

ఇక మగ్గం గుడ్డ. ఈ గోదావరి డెల్టాలో ఓడ కథ, బట్ట కథ వేరువేరు కావు. నరసాపురం పక్కన మాధవాయిపాలెం ఉంది. ఇంగ్లిషు ఈస్టిండియా కంపెనీ 17వ శతాబ్దంలో అక్కడ బట్టల వర్తక స్థావరం నడిపింది. అక్కడి నుంచి ఓడకెక్కిన మెత్తని నూలు గుడ్డకు ఆ ఊరి పేరే స్థిరపడి, విదేశీ నోళ్ళలో ‘మడపొల్లాం’ అయింది. బట్టల వ్యాపారంలో ఆ మాట ఇప్పటికీ బతికి ఉంది. యానాంలో ఫ్రెంచివారు, ఆ పక్కనే ఇంజరంలో ఇంగ్లిషువారు స్థావరాలు పెట్టుకోవడానికి కూడా ఈ చుట్టుపక్కల మగ్గాలే పెద్ద కారణం. ఓడలు కట్టిన నరసాపురం, కోరంగి కూడా ఈ తీరంలోనివే. సముద్రపు బ్రాండు పెట్టి, ఆ ఓడలు మోసిన గుడ్డను పక్కన పెట్టి, సముద్రం లేని ఊరి నుంచి బనీను తెప్పించడం నాకు ఇప్పుడు సరిగ్గా తోచడం లేదు.

చరిత్ర చూసి ఎవరూ చొక్కా కొనరు కాబట్టి, సరంగు అడిగిన ప్రశ్న దగ్గరకే వస్తాను. ఒకరోజు టీ షర్టునూ, 60 నంబరు సన్న నూలుతో నేసిన చొక్కానూ ఉప్పుటేరులో ముంచి, పిండి, కొబ్బరి తాడు మీద పక్కపక్కన ఆరేశాను. చొక్కా గాలికి రెపరెపలాడే సమయానికి టీ షర్టు మెడ పట్టీ దగ్గర, చంకల దగ్గర ఇంకా బరువుగా వేలాడుతోంది. టీ షర్టు గుడ్డ బరువులో మగ్గం గుడ్డ బరువు దాదాపు సగమే. పడుగుకూ పేకకూ మధ్య గాలి తిరుగుతుంది. ఇంకొకటి కూడా అప్పుడే తెలిసింది. ఉప్పునీటిలో తడిసి ఆరిన బట్టను మంచినీటితో జాడించకపోతే, అందులో మిగిలిన ఉప్పు రాత్రి గాలిలోని చెమ్మను మళ్ళీ లాగుతుంది. మందపు గుడ్డలో ఉప్పు ఎక్కువగా నిలుస్తుంది. వేటకు వెళ్ళేవారికి తెల్లవారుజామున చల్లగా, జిగటగా తగిలేది అదే.

మగ్గం గుడ్డకు తిప్పలు లేవని అనను. మొదటి దఫా నీలం రంగు చొక్కాలు ఒక ఉతుకుకే పక్కనున్న తెల్ల పంచెలకు రంగు అంటించాయి. చవకగా అద్దించినందుకు ఆ శిక్ష. ఇప్పుడు నూలుకు వ్యాట్ రంగులే (పోగులో గట్టిగా నిలిచే రకం) వేయిస్తాను, ఖర్చు ఎక్కువైనా ఉప్పుకూ ఎండకూ తట్టుకుంటాయి. గుడ్డను కోతకు ముందే ఒక రాత్రి నానబెట్టి ఆరబెట్టాలి, లేకపోతే కుట్టాక కుదించుకుపోతుంది. వానలు పడితే గుంట మగ్గాల్లో నీరు ఊరుతుంది, గంజి పెట్టిన పడుగు ఆరదు, నేత ఆగిపోతుంది. జూలై నుంచి కావలసిన గుడ్డను మే నెలాఖరుకే నేయించుకోవాలి. నేతగాళ్ళకు సగం డబ్బు ముందుగా ఇవ్వండి. నూలు కొనడానికి అప్పు చేయవలసిన అవసరం తప్పుతుంది, మీ గుడ్డ మాట ప్రకారం వస్తుంది. పైగా చొక్కా సాగదు. భుజం కొలత అర అంగుళం తప్పినా వెనక్కి వస్తుంది. ఆన్‌లైనులో అమ్మేవారు ఛాతీ, భుజం, పొడవు అంగుళాలలో రాసి, ఇంట్లో ఉన్న మంచి చొక్కాను కొలిచి చూసుకోమని అడగాలి.

గుండీల సంగతి చిన్నదే అయినా చెప్పాలి. ఇనుప గుండీలు ఉప్పుగాలికి నెల రోజుల్లో తుప్పు మరకలు వేస్తాయి. కొబ్బరి చిప్ప గుండీలు కోనసీమకు తగినవి, చూడముచ్చటగా ఉంటాయి. గంటల తరబడి నానబెట్టి, బండకేసి బాదితే మాత్రం పగులుతాయి. ప్రతి చొక్కాకూ రెండు అదనపు గుండీలు లోపలి పట్టీకి కుట్టి ఇస్తున్నాను.

డబ్బు లెక్క నా పుస్తకంలోంచి, పన్నూ కొరియరూ కలపకుండా. టీ షర్టు 210, రెండు రంగుల అచ్చు 45, చీటీ, సంచి 20, మొత్తం 275 రూపాయలు. అమ్మేది 599కి. మగ్గం చొక్కాకు 240 చొప్పున రెండుంపావు మీటర్ల గుడ్డ 540, కుట్టు కూలి 280, గుండీలు, చీటీ, సంచి 50, మొత్తం 870. అమ్మేది 1,650కి. ముప్పై వేల పెట్టుబడితో 109 టీ షర్టులు వస్తాయి, లేదా 34 చొక్కాలు. అన్నీ అమ్ముడైతే టీ షర్టులోనే లాభం ఎక్కువ, సుమారు 35,000. చొక్కాలలో 26,500. అందుకే అందరూ టీ షర్టు వైపు మొగ్గుతారు. కానీ పెట్టిన డబ్బు తిరిగి చేతికి రావడానికి టీ షర్టులు 51 అమ్మాలి, చొక్కాలు 19 అమ్మితే చాలు. పేరు లేని కొత్త బ్రాండుకు 19 మందిని వెతకడం సాధ్యమే. 51 మందికి మాత్రం అంగడి నిండా అలాంటివే 299కి దొరుకుతుంటాయి. అచ్చు వేసేవారు ఒక్కో బొమ్మకు కనీసం 50 ముక్కలు అడుగుతారు, మగ్గం మీద పన్నెండు చొక్కాలకు సరిపడా గుడ్డ కూడా నేయించుకోవచ్చు. ఇదివరకు 1,000 రూపాయలు దాటిన దుస్తులకు జీఎస్టీ 12 శాతం ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 వరకు 5 శాతమే కావడంతో చొక్కాకు ఉన్న ఆ అడ్డు కూడా తొలగింది.

పాలిస్టర్ క్రీడా బనీన్లను మూడో దారిగా చూపేవారు ఉన్నారు. తొందరగా ఆరుతాయి, నిజమే. చెమట వాసన వదలదు. నాకు నచ్చలేదు, అంతకంటే చెప్పేది లేదు.

గుడ్డ ఏదైనా, దాని మీద ఏమి కనిపించాలన్నది వేరే ప్రశ్న. రాగి డైవింగ్ హెల్మెట్, డైవింగ్ జరుగుతోందని తెలిపే ఎర్ర జెండా మీద ఏటవాలుగా తెల్ల పట్టీ, చుక్కాని చక్రం, ఇవి ప్రపంచమంతా అమ్ముతున్న గుర్తులే. వాటిని ప్రేమించేవారిని నేను తప్పు పట్టను. మన దగ్గర వాటికి సాటి వచ్చేవి ఉన్నాయి. పాత గుడ్డలు అతికి కుట్టిన నాటు పడవ తెరచాప, తెప్ప కట్టే తాడు ముడి, మడ చెట్ల ఊపిరి వేళ్ళు, కాకినాడ తీరాన ఉన్న హోప్ ఐలాండ్ ఇసుక గీత. మగ్గం చొక్కాకు బొమ్మ అసలు అక్కరలేదు. వల రంగు నీలం, ఒండ్రు రంగు, తాటి నార రంగు చారలుగా నేయిస్తే చాలు, జేబు మీద చిన్న దారపు కుట్టు చాలు. తెరచాప అతుకులనే భుజం మీద వేరే రంగు ముక్కగా కుట్టించాను, అన్నిటికంటే ఎక్కువగా వెళ్ళింది అదే.

ఒక బొమ్మ మాత్రం గీయించి ఆపేశాను. కోరంగి రేవును 1789లోనూ 1839లోనూ తుపానులు ముంచెత్తాయి. ఎగిసే కెరటం, తిరగబడిన ఓడ, కింద సంవత్సరం. కాగితం మీద చాలా అందంగా వచ్చింది. ఇక్కడ తుపాను పేరు వింటే ఇంట్లో మనిషిని తలచుకొనేవారు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. వారి మధ్య తిరిగే చొక్కా మీద అది వేయలేను. ఆ రేవు పేరు మీదుగానే, రంగూను వెళ్ళిన తెలుగువారిని బర్మాలో ‘కోరంగీలు’ అని పిలిచేవారు. ఆ ఒక్క మాటను మెడ లోపలి చీటీ మీద నేయిస్తున్నాను, ప్రయాణానికి గుర్తుగా.

బ్రాండు పేరు నమోదు ఆలస్యం చేయవద్దు. దుస్తులకు ట్రేడ్‌మార్కు 25వ తరగతి. వ్యక్తులకూ చిన్న సంస్థలకూ ఆన్‌లైను రుసుము 4,500 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది.

తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. ఆ రెండు నెలలూ పడవలు ఒడ్డున ఉంటాయి, మనుషులు దొరుకుతారు. కిందటి ఏడాది నిషేధం ముగిసే ముందు అదే సరంగుకు ఒక మగ్గం చొక్కా ఇచ్చాను, వేసుకొని చూసి చెప్పమన్నాను. దసరా దాటాక కలిశారు. చొక్కా భుజాల దగ్గర వెలిసింది, కుట్టు మాత్రం ఎక్కడా వదల్లేదు. ఆరడం గురించి ఆయన మాట్లాడనే లేదు. జేబు చూపించారు. “వల లాగేటప్పుడు వంగుతాం కదా బాబూ, ఫోను జారిపోతుంది. జేబు లోపలి వైపు పెట్టించి, పైన మడత వేసి గుండీ పెట్టించండి.” ఆ సాయంత్రమే దర్జీ దగ్గరకు వెళ్ళాను. ఆయన చొక్కాను తిరగేసి, ఎడమ వైపు లోపల సుద్దతో నలుచదరం గీశారు, ఫోను పెట్టి చూసి, మరో అర అంగుళం పెంచారు.