మా ఊరి పటం గుడ్డ మీదికెక్కింది, బావులు మాత్రం ఎగిరిపోయాయి

ముందే చెప్పేస్తాను: అయిదు స్టార్లకు నాలుగు. మొదటిసారి వచ్చిన ప్రింటుకైతే రెండే ఇచ్చేవాణ్ని.

మా టౌన్లో ఒక ప్రింటింగ్ షాపువాళ్లు పాత గ్రామపటాలను స్కాన్ చేసి, పెద్దవి చేసి, గుడ్డ మీద అతికించి, పైనా కిందా చెక్క బద్దలు బిగించి ఇస్తున్నారు. పటం కాపీ మనమే తెచ్చివ్వాలి. సర్వే ఆఫీసులో అర్జీ పెట్టి, చలానా కట్టి తీసుకున్న కాపీ ఇచ్చాను. నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, 2,400 రూపాయలు. పది రోజులన్నారు, పద్దెనిమిది పట్టింది.

నేను ముప్పయ్యేళ్లు ఆర్టీసీలో కండక్టరుగా చేశాను. జిల్లాలో ఊళ్లన్నీ నాకు స్టేజీల వరసలోనే తెలుసు. సొంతూరిని ఇలా పైనుంచి చూడటం మాత్రం ఇదే మొదలు. మాది కడప జిల్లాలో కుందూ ఒడ్డు, రెండు వందల గడప కూడా ఉండదు.

అచ్చు గురించి వంక పెట్టేదేమీ లేదు. అంకెలు అద్దాలు లేకుండా చదవగలిగాను. గుడ్డ మందంగా ఉంది, అంచులు కుట్టారు, బద్దలకు వార్నిష్ వేశారు. తగిలించే తాడు ఒక్కటే నాసిరకం, వారానికే తెగింది.

గోడకు తగిలించి నాలుగడుగులు వెనక్కి వేసి చూస్తే ఊరంతా నీళ్ల లెక్కనే అమర్చినట్టుంది. పడమటి పొలిమేర పొడవునా కుందూ వంకర్లు తిరుగుతూ దిగుతుంది. నంద్యాల వైపు నుంచి వచ్చి కమలాపురం దగ్గర పెన్నలో కలిసే ఏరు ఇది. ఏటి పక్క సర్వే నెంబర్లు, అంటే పొలం ముక్కలు, పెద్దవి, బారుగా ఉంటాయి. నల్లరేగడి, వాన పడితేనే పంట. తూర్పున కె.సి. కాలువ కింద మాగాణి, అక్కడ నెంబర్లన్నీ చిన్న చిన్న ముక్కలు. నీళ్లున్న చోటే అన్నదమ్ములు పంచుకునేది, కయ్యలు చీలేది. ఉత్తరాన ఒకే పెద్ద నెంబరు ఖాళీగా కనిపిస్తుంది, అది నాపరాయి తేలిన బీడు. మా మిద్దెల మీది బండలన్నీ అక్కడివే.

ఆ కాలువ సంగతి కొంచెం చెప్పాలి. కర్నూలు కడప కాలువ తవ్వకం 1860లలో మొదలైంది. తవ్వించింది సర్కారు కాదు, మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ. సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి, కడప దాకా నీళ్లు తెచ్చి, పడవలు నడిపి, పైర్లకు నీళ్లమ్మి సొమ్ము చేసుకుందామనుకున్నారు. ఆ లెక్క కుదరలేదు. 1882లో ప్రభుత్వమే కొనేసుకుంది. నష్టాల రూటులో సగం సర్వీసు చేసినవాణ్ని కాబట్టి నాకు ఆ కంపెనీ మీద కొంచెం జాలి. రైతులకు మాత్రం కాలువ మిగిలింది.

ఏటి మలుపు దగ్గర, ఊరికి బాగా దూరంగా, ఒక చిన్న నెంబరు విడిగా ఉంటుంది. మా జేజి దాన్ని పాతూరు అనేది. ఏరు పొంగి ఇళ్లు పోతే జనం ఇప్పుడున్న మెరక మీదికి లేచొచ్చారని ఆమె చెప్పిన మాట. చిన్నప్పుడు మేం ఆ దిబ్బ నుంచి పాటిమన్ను బండ్లకెత్తి చేలకు తోలేవాళ్లం. మన్నులో కుండపెంకులు, అప్పుడప్పుడు పూసలు కూడా వచ్చేవి. ఎరువు అనుకున్నామే గానీ, అది ఒకప్పటి ఊరని ఒక్కరోజూ ఆలోచించలేదు.

పటంలో నెంబర్లే ఉంటాయి, చేల పేర్లుండవు. పేర్లు కావాలంటే మా చిన్నాయన కావాలి. ఎనభై నాలుగేళ్లు, చూపు తగ్గింది, జ్ఞాపకం తగ్గలేదు. పటాన్ని మంచం మీద పరిచి, పొలిమేర మీద ఆయన వేలు పెట్టించి నెంబర్లు చదువుతుంటే ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయాడు. ఇది గుడి మాన్యం, ఇది మంగలి మాన్యం, ఇది చౌడు, ఇక్కడ నువ్వులు తప్ప ఏదీ రాదు. గుడికీ, ఊరి పనివాళ్లకూ ఇచ్చిన ఈ మాన్యాలన్నీ 1956 ఇనాం రద్దు చట్టం తర్వాత మామూలు రైతువారీ (రైతే నేరుగా సర్కారుకు శిస్తు కట్టే) పట్టాలైపోయాయి. కరణాలు, మునసబులు కూడా 1984తో పోయారు. చేల పేర్లు మాత్రం ఈయన నోట్లో అలాగే ఉన్నాయి. రైతువారీ పద్ధతి కూడా మా సీమకు పాతదే. 1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాక, మన్రో దొర కలెక్టరుగా వచ్చి చేను చేనునూ కొలిపించాడు.

ఉన్నట్టుండి చిన్నాయన వేలు ఆగింది. "కపిలబావి యాడరా?"

వెతికాం. లేదు. సర్వే ఆఫీసు కాపీ తెచ్చి భూతద్దం పెడితే అందులో చిన్న సున్నా ఉంది. షాపువాళ్ల ప్రింటులో తెల్లటి ఖాళీ. అలా లెక్కపెడితే అయిదు బావులు లేవు. కుందూ రేవుకు పోయే బండిదోవ చుక్కల గీత కూడా లేదు. షాపుకు ఫోన్ చేస్తే అబ్బాయి చాలా మర్యాదగా, "మచ్చలనుకుని క్లీన్ చేశాం సార్, నీట్‌గా ఉంటుందని" అన్నాడు. మచ్చలట! ఎద్దులతో నీళ్లు తోడే మోటలు, మా వైపు కపిలలంటాం, రెండు పక్కపక్కన ఆడిన బావి అది. మా అబ్బ ఎద్దులను వెనక్కి నడిపిస్తూ పాడుతుంటే పాట ఊళ్లోకి వినబడేదని చెబుతారు. కంప్యూటర్ దాన్ని దుమ్ము కింద తుడిచేసింది.

వాదించలేదు, ఒప్పుకున్నారు. డబ్బు తీసుకోకుండా మళ్లీ అచ్చేశారు. ఈసారి నేనే వెళ్లి ఆ అబ్బాయి పక్కన గంటన్నర కూర్చుని, ఒక్కో చుక్కా చూపించాను. అతనికీ ఆసక్తి పుట్టింది, వాళ్ల ఊరి పటం ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. నాలుగు స్టార్లు అందుకే.

ఇంకొక తిరకాసు ఉంది. పాత పటాలు మైలుకు పదహారు అంగుళాల లెక్కన గీసినవి. అంటే ఒక అంగుళానికి అయిదు సర్వే గొలుసులు (గొలుసుకు 66 అడుగులు), 330 అడుగులు. షాపులో దాన్ని ఒకటిన్నర రెట్లు పెంచారు. ఇప్పుడు అంగుళానికి 220 అడుగులే. కానీ మూలన "16 అంగుళాలు = 1 మైలు" అని అచ్చయిన మాట అలాగే ఉంది. కింద గీసిన స్కేలు గీత కూడా పటంతోపాటే పెరుగుతుంది, కొలవాలంటే దాన్నే నమ్మండి. ఒక్క లైను మార్చి రాయడం వాళ్లకు కష్టం కాదు, చెప్పాను, నవ్వారు.

గట్టు తగాదాకు ఇది పనికిరాదని కూడా తెలుసుకోండి. దానికి ఆ నెంబరు ఎఫ్.ఎం.బి., అంటే ఆ ఒక్క చేనుకు కొలతలతో గీసిన సర్వే పటం, తీసుకోవాలి. మా ఊళ్లో రీసర్వే అయ్యి ఎల్.పి.ఎం. (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నెంబర్లు కొత్తవి వచ్చాయి. వాటికీ ఈ పటానికీ పొత్తు కుదరదు. మా తమ్ముడు ఇప్పటికీ పాత నెంబరు చెబితేనే "ఆ, ఆ చేనా" అంటాడు. అందుకే పటం వాళ్లింట్లో తగిలించాం.

రెండో ప్రింటు తీసుకెళ్లి మళ్లీ చిన్నాయనకు చూపించాం. అయిదు బావులూ వేలితో తడిమించి చెప్పాం. ఆయన కాసేపు ఊరుకుని, "ఏడుండాలే" అన్నాడు. ఆ రెండూ సర్వే అయిపోయాక తవ్వినవట. ఒకటి పూడిపోయింది, ఇంకొకటి తమ్ముడి ట్రాక్టరు షెడ్డు కింద ఉంది. ఆయన చెప్పిన చోట తమ్ముడు పెన్సిలుతో రెండు సున్నాలు చుట్టాడు. షాపువాళ్లు 300 ఎక్కువిస్తే లామినేషన్ చేస్తామంటారు, వద్దనండి. దాని మీద పెన్సిలు పట్టదు.