పోస్టర్ల కాలపు ఆడవాళ్లతో ఒక ఒరాకిల్ డెక్: చాలాకాలం వాడాక

ఒరాకిల్ డెక్ అంటే జోస్యం చెప్పుకోవడానికి వాడే బొమ్మల కార్డుల కట్ట. దీన్ని మాత్రం జోస్యం కోసం కొనలేదు, బొమ్మలు చూసి కొన్నాను. పాదాల దాకా జారే గౌన్లు, తీగల్లా మెలికలు తిరిగిన జుట్టు, తల వెనక పూలచక్రం, వెలిసిన ఆకుపచ్చ, పాత బంగారు ఛాయలు. అచ్చం 1890ల నాటి పారిస్ గోడపోస్టర్ల ధోరణి. చాలాకాలంగా వాడుతున్నాను కాబట్టి కొత్త మోజు తీరాకే రాస్తున్నాను.

కార్డు మందంగా ఉంది. మ్యాట్ పూత కాబట్టి లైటు కింద బొమ్మ మెరిసిపోదు. అంచుల బంగారు పూత మాత్రం కలిపేకొద్దీ రాలిపోయింది. సైజు పెద్దది, చిన్న చేతులకు పేకలా కలపడం కుదరదు, బల్లమీద పరిచి కలుపుకోవాల్సిందే. గైడ్‌బుక్ నిండా 'మీలోని దేవతను మేల్కొలపండి' తరహా మాటలే. దాన్ని తెరవడం ఎప్పుడో మానేశాను.

మానేసినా నష్టం లేదు. జోస్యపు కార్డుల్లోనే మరో రకమైన టారోలో 78 కార్డులు, ఒక్కోదానికీ స్థిరపడిన అర్థం. ఒరాకిల్‌కి ఆ కట్టుబాటు లేదు, కార్డుల సంఖ్య కూడా తయారుచేసినవాళ్ల ఇష్టం. భారమంతా బొమ్మే మోయాలి. ఈ పాతకాలపు బొమ్మలు బాగా మోస్తాయి, ఎందుకో ఆలోచిస్తే నాకు తోచింది ఇది.

ఈ ధోరణికి మూలపురుషుడనదగ్గ చిత్రకారుడు అల్ఫాన్స్ ముఖా 1895లో ఫ్రెంచి నటి సారా బెర్నార్డ్ నాటకానికి వేసిన పోస్టర్‌తో పేరు తెచ్చుకున్నాడు. తర్వాత సిగరెట్ కాగితాలకూ, బిస్కెట్లకూ, షాంపేన్‌కూ అవే ఆడవాళ్లను గీశాడు. అంటే ఇవి అమ్మకానికి పుట్టిన ముఖాలు! దారినపోయేవాడు ఆగి చూడాలి, ఏ మనఃస్థితిలో ఉన్నా తనకు నచ్చింది ఊహించుకోవాలి. అందుకే పూర్తిగా నవ్వరు, పూర్తిగా ఏడవరు, చూపు కాస్త పక్కకు ఉంటుంది. వ్యాపారానికి పనికొచ్చిన ఆ అస్పష్టతే కార్డు మీదా పనిచేస్తోంది. మనసు బాగోలేని రోజు దిగులుగా కనిపించిన ఆవిడే, ఇంకోరోజు పొగరుగా కనిపిస్తుంది. నా దగ్గర కన్నీళ్లు కారుస్తూ సూటిగా చూసే డిజిటల్ బొమ్మల డెక్ కూడా ఉంది. మొదటి చూపుకే అది చెప్పాల్సిందంతా చెప్పేసింది, ఇక తీయబుద్ధి కాలేదు.

దూరం నుంచి కనబడడానికి గీసిన మందపాటి బయటి గీత, చదునైన రంగులు బల్ల అవతల కూర్చున్నవాళ్లకూ అక్కరకొస్తాయి.

లోటు కూడా ఆ పోస్టర్ల నుంచే వచ్చింది. అందరూ పడుచువాళ్లే, నాజూకువాళ్లే, తెల్లవాళ్లే. ఒక్కరి చేతిలో పనిముట్టు లేదు, ఒక్కరికీ కోపం రాదు, ముసలామె అసలే లేదు. ఉద్యోగంలో గొడవ గురించి అడిగితే గులాబీ చేతికిస్తారు! అలాంటి ప్రశ్నలకు 1909లో పమేలా కోల్మన్ స్మిత్ బొమ్మలతో వచ్చిన టారోనే తీస్తాను. అందులో ఒకామె సింహం నోరు పట్టుకుంటుంది, ఇంకొకామె కళ్లకు గంతలతో కత్తుల మధ్య నిలబడి ఉంటుంది. అవీ పాతకాలపు స్త్రీలే, కానీ వాళ్లకేదో జరుగుతోంది.

కొనేవాళ్లకు ఒక మాట. ముఖా 1939లో చనిపోయాడు, చాలా దేశాల్లో ఆ బొమ్మలపై కాపీరైట్ తీరిపోయింది. అందుకని వాటినే కత్తిరించి అతికించిన డెక్‌లు చాలా తిరుగుతున్నాయి. నమూనా కార్డుల్లో జుట్టు గీతలు పెద్దవి చేసి చూడండి. అలికినట్టుంటే వదిలేయండి. నాది కొత్తగా గీయించినదే, అందుకే ధర కాస్త ఎక్కువైనా బాధపడలేదు.