మోల్స్‌తో చేయాలా, ఈక్వివలెంట్స్‌తో చేయాలా: స్టాయికియోమెట్రీ లెక్కలకు ఏది మేలు?

ఇంటర్‌లో స్టాయికియోమెట్రీ (రసాయన చర్యలో ఏ పదార్థం ఎంత కావాలో లెక్కగట్టడం) పాఠం మొదలైతే చాలు, పిల్లల దగ్గర నుంచి ఒకటే ప్రశ్న: "సార్, కాలేజీలో మోల్స్‌తో చేయిస్తున్నారు, కోచింగ్‌లో ఎన్-ఫ్యాక్టర్ పెట్టి ఒక్క లైన్లో తేల్చేస్తున్నారు. ఏది పట్టుకోమంటారు?" రిడాక్స్ చర్యలో ఒక మోల్ పదార్థం ఎన్ని మోల్స్ ఎలక్ట్రాన్లు ఇస్తుందో లేదా పుచ్చుకుంటుందో అదే ఎన్-ఫ్యాక్టర్; మోల్స్‌ని దానితో గుణిస్తే ఈక్వివలెంట్లు వస్తాయి. రెండూ సరైన పద్ధతులే, రెండింటికీ జవాబు ఒకటే వస్తుంది. కానీ తప్పు చేసినప్పుడు ఆ తప్పు మన కంటికి కనబడుతుందా లేదా అన్న దగ్గర రెండింటికీ చాలా తేడా ఉంది. నా దృష్టిలో ఏది మేలో తేల్చేది అదే.

ప్రాక్టికల్స్‌లో అందరూ చేసే టైట్రేషనే తీసుకుందాం. 0.05 మొలార్ ఆక్సాలిక్ ఆమ్లం 20 మి.లీ. పిపెట్‌తో తీసి కోనికల్ ఫ్లాస్క్‌లో పోశారు. సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి, వేడి చేసి, బ్యూరెట్ నుంచి పొటాషియం పర్మాంగనేట్ వదిలారు. సరిగ్గా 20 మి.లీ. దగ్గర లేత గులాబీ రంగు నిలిచింది. పర్మాంగనేట్ మొలారిటీ ఎంత?

మోల్ పద్ధతిలో ముందు సమీకరణం రాసి తుల్యం చేస్తాం. 2 మోల్స్ పర్మాంగనేట్‌కి 5 మోల్స్ ఆక్సాలిక్ ఆమ్లం కావాలి. ఫ్లాస్క్‌లో ఉన్న ఆమ్లం 1 మిల్లీమోల్, కాబట్టి పర్మాంగనేట్ 0.4 మిల్లీమోల్. అది 20 మి.లీ.లో ఉంది కనుక 0.02 మొలార్.

ఈక్వివలెంట్ పద్ధతిలో సమీకరణం జోలికే పోనక్కర్లేదు. ఆమ్ల యానకంలో మాంగనీస్ +7 నుంచి +2కి దిగుతుంది, ఎన్-ఫ్యాక్టర్ 5. ఆక్సాలిక్ ఆమ్లానికి 2. రెండువైపులా ఈక్వివలెంట్లు సమానం: 0.05 × 2 × 20 = మొలారిటీ × 5 × 20. మళ్లీ 0.02 మొలారే. అర నిమిషం పని. ఈఏపీసెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు చేయాల్సిన విద్యార్థికి ఇది నచ్చడంలో ఆశ్చర్యం ఏముంది?

చిక్కు ఇక్కడే ఉంది. ప్రాక్టికల్ రికార్డులో రాసే సూత్రం పిల్లలందరికీ నోటికి వచ్చు: ఎమ్‌వన్ వీవన్ బై ఎన్‌వన్ ఈక్వల్స్ ఎమ్‌టూ వీటూ బై ఎన్‌టూ. ఆ సూత్రంలో ఎన్ అంటే సమీకరణంలోని గుణకం. పర్మాంగనేట్‌కి 2, ఆక్సాలిక్ ఆమ్లానికి 5. దానితో భాగిస్తాం. ఎన్-ఫ్యాక్టర్ సూత్రంలో పర్మాంగనేట్‌కి 5, ఆక్సాలిక్ ఆమ్లానికి 2. దానితో గుణిస్తాం. అక్షరం ఒకటే, అంకెలు కూడా అవే రెండు, కాకపోతే తారుమారు. రెండు పద్ధతులూ సగం సగం పట్టుకున్న విద్యార్థి ఎన్-ఫ్యాక్టర్ తీసుకెళ్లి భాగించే సూత్రంలో పెడతాడు. 0.02 రావాల్సిన చోట 0.125 వస్తుంది. అంటే లీటరుకి 3.16 గ్రాములు రావాల్సింది 19.75 గ్రాములు అవుతుంది. ఆ అంకె చూస్తే ఎక్కడా అనుమానం రాదు, ఆప్షన్లలో కూడా ఉండే అవకాశం ఎక్కువ. పక్కన తుల్యం చేసిన సమీకరణం రాసి ఉంటే మాత్రం, తక్కువ మోల్స్ చాలిన పర్మాంగనేట్‌కి ఎక్కువ మొలారిటీ ఎలా వచ్చిందని కనీసం ఒకసారి చూసుకుంటాడు. ఘనపరిమాణాలు రెండూ 20 మి.లీ.లే కదా.

రెండో సమస్య ఇంకా లోతైనది. ఎన్-ఫ్యాక్టర్ పదార్థానిది కాదు, ఆ చర్యది. ల్యాబ్‌లో సీసా మీద "0.1 నార్మల్ పర్మాంగనేట్" అని చీటీ ఉందనుకోండి. నార్మాలిటీ అంటే మొలారిటీని ఎన్-ఫ్యాక్టర్‌తో గుణించిన గాఢత; ఈ 0.1 ఆమ్ల యానకం లెక్క. తటస్థ యానకంలో మాంగనీస్ +4 దగ్గరే ఆగిపోతుంది, మార్పు 3. అదే సీసాలోని అదే ద్రావణం అప్పుడు 0.06 నార్మల్. బలమైన క్షార యానకంలో మార్పు 1, కాబట్టి 0.02 నార్మల్. మొలారిటీ మాత్రం మూడు చోట్లా 0.02యే. హైపో (సోడియం థయోసల్ఫేట్) కూడా ఇంతే: అయోడిన్‌తో ఎన్-ఫ్యాక్టర్ 1, క్లోరిన్ అధికంగా ఉండి సల్ఫేట్ దాకా పోతే 8. నార్మాలిటీ వాడకాన్ని అంతర్జాతీయ రసాయన శాస్త్ర సంస్థ ఐయూపాక్ ప్రోత్సహించకపోవడానికి ఈ తికమకే కారణం.

అసలు ఈ ఈక్వివలెంట్ ఆలోచన మోల్ కంటే పాతది. 1792లో స్టాయికియోమెట్రీ అన్న మాట పెట్టిన జెరెమియాస్ రిక్టర్ ఏ ఆమ్లం ఎంత క్షారంతో సరిపోతుందో తూచి చూశాడు. డాల్టన్ పరమాణు సిద్ధాంతం ఇంకా పుస్తకంగా రాలేదు, ఫార్ములాలు లేవు. సమీకరణం లేని కాలానికి సరిపోయిన పద్ధతి అది. ఇప్పుడు సమీకరణం మన చేతిలో ఉంది.

ఫెర్రస్ ఆక్సలేట్‌ని పర్మాంగనేట్‌తో టైట్రేట్ చేసే లెక్క చూడండి. ఆక్సలేట్ అనగానే చెయ్యి 2 రాసేస్తుంది. కానీ ఇనుము కూడా +2 నుంచి +3కి పోతుంది కాబట్టి 3 రాయాలి. 5 మోల్స్‌కి 3 మోల్స్ పర్మాంగనేట్ కావాలి, 2 కాదు. సమీకరణం రాసేవాడికి కుడివైపు ఫెర్రస్ అయాన్ అలాగే మిగిలిపోయి కనిపిస్తుంది. పర్మాంగనేట్ ముందు ఫెర్రస్ ఎలా మిగులుతుందన్న ప్రశ్న దానంతట అదే వస్తుంది. ఎన్-ఫ్యాక్టర్ వేసినవాడి కాగితం మీద 2 అన్న అంకె తప్ప ఇంకేమీ ఉండదు.

అలాగని ఈక్వివలెంట్ పద్ధతిని తీసి పారేయలేం. అయోడిన్ టైట్రేషన్లలో దానికి సాటి లేదు. 0.5 గ్రాముల మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) నమూనాని పొటాషియం అయోడైడ్‌తో కలిపి, విడుదలైన అయోడిన్‌ని 0.1 మొలార్ హైపోతో టైట్రేట్ చేస్తే 18 మి.లీ. పట్టింది. మోల్స్‌తో చేస్తే రెండు సమీకరణాలు రాసి గొలుసు కట్టాలి. ఈక్వివలెంట్స్‌తో అయితే కాపర్ ఈక్వివలెంట్లు = అయోడిన్ ఈక్వివలెంట్లు = హైపో ఈక్వివలెంట్లు. కాపర్‌కి 1, హైపోకి 1. 1.8 మిల్లీమోల్స్, 249.5తో గుణిస్తే 0.449 గ్రాములు. శుద్ధత దాదాపు 90 శాతం. డైక్రోమేట్ లెక్కల్లోనూ, బ్యాక్ టైట్రేషన్‌లోనూ ఇదే సుఖం. నేనూ ఇక్కడ ఈక్వివలెంట్స్‌తోనే చేస్తాను.

లిమిటింగ్ రీఏజెంట్‌కి, అంటే ముందుగా అయిపోయే పదార్థం లెక్కలకి, వస్తే మోల్ పద్ధతే. 28 గ్రాముల నైట్రోజన్, 4 గ్రాముల హైడ్రోజన్ ఇచ్చారు. 1 మోల్, 2 మోల్స్. గుణకాలు 1, 3తో భాగిస్తే 1, 0.67. హైడ్రోజన్ ముందు అయిపోతుంది. అమ్మోనియా 1.33 మోల్స్, అంటే 22.67 గ్రాములు. మిగిలిన నైట్రోజన్ 9.33 గ్రాములు. రెండూ కూడితే 32, మొదట వేసినవీ 32. ఈ చివరి కూడిక తప్పకుండా చేయండి, పది సెకన్లు పట్టదు.

పరమాణు నిత్యత్వం పద్ధతి, అంటే ఒక మూలకం పరమాణువుల్ని రెండువైపులా సమానం చేయడం, కొన్ని లెక్కల్లో బాగుంటుంది. అది మోల్ పద్ధతికి దగ్గరిదారే, విడిగా నేర్చుకోనక్కర్లేదు. పదో తరగతిలో చేసినట్టు 245 గ్రాముల పొటాషియం క్లోరేట్‌కి 96 గ్రాముల ఆక్సిజన్ అని నేరుగా గ్రాముల్లో పోల్చడం ఒక్క చర్య ఉన్నంతవరకు ఫర్వాలేదు.

ఫస్టియర్ పిల్లలైతే ఏడాదంతా మోల్స్‌తోనే చేయండి. ఏ రిడాక్స్ సమీకరణాన్నైనా టెన్షన్ లేకుండా తుల్యం చేయగలిగాక, సెకండియర్‌లో టైట్రేషన్ లెక్కల కోసం ఎన్-ఫ్యాక్టర్ మొదలుపెట్టండి. అప్పుడు కూడా ఎన్ అని రాసిన ప్రతిచోటా పక్కన "ఏ మార్పుకి" అన్నది రాసుకోండి: "5, +7 నుంచి +2" అని.