ఎల్బే నది వెంబడి మా శనాదివారాలు

మొన్న కోవూరులో మా మామ వాళ్ళింట్లో భోజనాలయ్యాక మా బామ్మర్ది పక్కన చేరి, బావా నువ్వు జర్మనీలో ఉన్నప్పుడు శనాదివారాలు యాడాడ తిరిగినావు, ఎంతయింది, ఏది బాగుండింది అన్నీ చెప్పు అన్నాడు. వాడు ఈ అక్టోబరుకి నేను చదివిన మాగ్డెబుర్గ్‌కే మాస్టర్స్‌కి పోతా ఉండాడు. మా మామ మాత్రం, చదువుకి పంపిస్తా ఉంటే తిరుగుళ్ళ సంగతి అడుగుతాడేందిరా వీడు అన్నాడు. మామకి ఆ రోజు చెప్పిందే ఈడా చెప్తా ఉండా. సోమవారం నుంచి శుక్రవారం దాకా క్లాసు, ల్యాబు, సాయంత్రం వేర్‌హౌస్‌లో పార్ట్ టైమ్, రూముకొచ్చి ఇంత వండుకోని పడుకోడం, ఇట్నే మూడు నెలలు ఊరు కదలకుండా ఉన్నా నేను, డిసెంబర్లో సాయంత్రం నాలుక్కే చీకటి పడతా ఉంటే అమ్మ ఫోన్ చేసినా రెండు మాటలకి మించి మాట్లాడబుద్ధయ్యేది కాదు. తిరగడం మొదలుపెట్టినాకే మళ్ళీ మనిషినైనా.

ముందు డబ్బు సంగతి. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్లో, అంటే మనం ఒక్కసారిగా తీసుకోలేకుండా పెట్టే ఖాతాలో, ఏడాదికని వేసే 11,904 యూరోలు నెలకి 992 చొప్పునే చేతికొస్తాయి, దాంట్లో రూము రెంటు, ఇన్సూరెన్సు, సరుకులు పోను మిగిలేది తక్కువే. అందుకే మా తిరుగుడంతా నెలవారీ పాస్ అయిన డాయిచ్‌లాండ్ టికెట్ మీదే. 2023 మేలో మొదలైనప్పుడు నెలకి 49 యూరోలు, 2025లో 58 చేసినారు, 2026 నుంచి 63. చాలా యూనివర్సిటీల్లో సెమిస్టర్ ఫీజులోనే ఇంకా తక్కువకి కలిపి ఇస్తారు, అడ్మిషన్ రాగానే అది కనుక్కోండి. దేశమంతా సిటీ బస్సులు, ట్రామ్‌లు, రీజనల్ రైళ్ళు ఎక్కొచ్చు, ఐసీఈ, ఐసీ లాంటి స్పీడు రైళ్ళు ఎక్కకూడదు. నెల్లూరు నుంచి బెజవాడకి వందేభారత్ వదిలేసి ప్యాసింజర్లు మారుకుంటా పోవడం లాంటిదనుకోండి. టైము పడతాది, కిటికీ పక్కన సీటు దొరికితే మాత్రం ఆ టైము కూడా ట్రిప్పులో భాగమే.

మాగ్డెబుర్గ్ ఎల్బే నది ఒడ్డున ఉంటాది. అదే నది చెక్ దేశం నుంచి వచ్చి డ్రెస్డెన్ మీదుగా మా ఊరికొచ్చి, ఆడనుంచి హాంబుర్గ్ దాటి సముద్రంలో కలుస్తాది. సోమశిల కాడ పెన్నని చూసి, నెల్లూరు బ్రిడ్జి మీద చూసి, ఊటుకూరు కాడ సముద్రంలో కలిసేది చూసినట్టు, ఈ నదిని కూడా పైనుంచి కిందదాకా చూడాలని నాకు పట్టుకుంది. మా తిరుగుళ్ళలో మంచివన్నీ ఆ పట్టుదలతో పోయినవే.

అన్నిట్లో ఫస్ట్ ఏదంటే డ్రెస్డెన్ అవతల ఎల్బే ఒడ్డున ఉండే రాళ్ళ కొండ బాస్టై, రెండో మాట లేదు. మాగ్డెబుర్గ్ నుంచి లైప్‌జిగ్, ఆడ మారి డ్రెస్డెన్, మళ్ళీ ఎస్1 రైలెక్కి రాటెన్‌లో దిగాలి, ఒకవైపుకే నాలుగ్గంటల పైన పడతాది కాబట్టి ఒక్క రోజులో పోయి రావాలంటే ఒళ్ళు హూనం. మేం నలుగురం శనివారం పొద్దున బయల్దేరి డ్రెస్డెన్‌లో పడుకోని ఆదివారం తిరిగొచ్చినాం. రాటెన్ స్టేషన్లో దిగితే నది ఇటుపక్క ఉంటాం, కొండలు అటుపక్క. దాటడానికి ఒక బల్లకట్టు లాంటి పెద్ద పడవ. ఎక్కినాక సప్పుడే లేదు, ఏందబ్బా అని చూస్తే దానికి ఇంజనే లేదు! నదిలో పైన యాడో లంగరేసిన పొడుగాటి ఇనపతాడుకి కట్టేసి ఉంటాది, పడవాయన దాన్ని కాస్త ఏటవాలుగా తిప్పతాడు, పారే నీళ్ళే అవతల ఒడ్డుకి తోస్తాయి. అంచుకి తగిలే నీళ్ళ గలగల తప్ప ఇంకేం వినపడదు. వరదొచ్చినప్పుడు తప్ప పెన్నలో ఇసకే చూసి పెరిగినోణ్ణి, నిండుగా పారే నది చేత్తో పట్టుకోని తీసుకుపోయినట్టు అనిపించింది నాకు. చిల్లర దగ్గర పెట్టుకోండి టికెట్‌కి.

ఆడనుంచి అడవిలో మెట్లెక్కాలి, పైన ఎల్బేకి 194 మీటర్ల ఎత్తు దాకా లేచిన నిట్టనిలువు రాళ్ళ మధ్య 1851లో కట్టిన రాతి వంతెన. వంతెన మీద నడవడానికి పైసా కట్టబళ్ళేదు. కింద మేం దాటొచ్చిన పడవ అగ్గిపెట్టెంత కనపడతా ఉంటే ఆడనే ఒక రాయి మీద కూర్చోని పులిహోర డబ్బా తీసినాం. పైన రెస్టారెంట్ ఉంది గానీ రేట్లు చూసి మాకు డబ్బానే ముద్దనిపించింది.

బసకి డ్రెస్డెన్ నోయ్‌స్టాట్ ఏరియాలో హాస్టల్ తీసుకున్నాం, ఎనిమిది బెడ్ల రూములో మనిషికి 26 యూరోలు, కిచెన్ వాడుకోనిస్తారు, బాత్రూములు శుభ్రం. స్టేషన్‌కి నడిచిపోయేంత దూరం. ఇంకో ఊర్లో ఇంతకంటే ఆరు యూరోలు తక్కువని ఒక చోట బుక్ చేసి ఏడ్చినాం, ఫోటోల్లో ఒకటి ఆడ ఇంకొకటి, దుప్పటికి వేరే డబ్బులు, తాళం డిపాజిట్ తిరిగివ్వడానికి గంట నిలబెట్టినారు, ఆ గంటలోనే మా రైలు పోయింది. తర్వాత రైలు మధ్యలో ఒక స్టేషన్ దాకానే, రాత్రి పదకొండు నుంచి తెల్లారి నాలుగున్నర దాకా ప్లాట్‌ఫామ్ మీద చలిలో నలుగురం ఒకరికొకరు ఆనుకోని కూర్చున్నాం. అప్పట్నుంచి రెండు రూల్స్ పెట్టుకున్నా, రివ్యూల్లో కొత్తవి ముందు చదవడం, ఆఖరి రైలుకి కాకుండా దాని ముందు రైలుకి తిరిగి రావడం.

హాంబుర్గ్ రెండోది. యుల్‌ట్సెన్‌లో రైలు మారితే మూడు గంటల్లో పోవచ్చు, ఒక్క రోజు చాలు. లాండుంగ్స్‌బ్రుకెన్ కాడ 62వ నంబర్ ఫెర్రీ ఎక్కండి, అది సిటీ బస్సు లెక్కే కాబట్టి మన టికెట్ చెల్లుతాది. టూరిస్టు పడవలకి డబ్బు పోసిన వాళ్ళు చూసే హార్బరే మనమూ చూస్తాం, మేడ మీద నిలబడితే కొండంత కంటైనర్ షిప్పులు పక్కనే పోతా ఉంటాయి. కృష్ణపట్నం పోర్టు దూరం నుంచే చూసిన నాకు అంత దగ్గర్నుంచి చూడ్డం అదే మొదలు.

బ్రోకెన్ కొండకి వాతావరణం చూసుకోకుండా పోవద్దు. ఎత్తు 1,141 మీటర్లు, ఏడాదిలో ఎక్కువ రోజులు మంచు పొగలోనే ఉంటాది. వెర్నిగెరోడ నుంచి పైకి పోయే పొగబండి భలే ఉంటాది గానీ బ్రోకెన్ దాకా మన టికెట్ చెల్లదు, రానూపోనూ యాభై యూరోల పైనే. మేం షీర్కె దాకా బస్సులో పోయి ఆడనుంచి రెండు గంటలు నడిచినాం. పైకి పోతే తెల్లటి పొగ తప్ప ఏం లేదు, నిరాశ పడినాం. దిగేటప్పుడు చెట్ల మధ్య పొగబండి కూత వేసుకుంటా పక్కనుంచే పోయింది, దాంతో కాస్త తీరింది. కింద వెర్నిగెరోడ ఊరు మాత్రం రంగు రంగుల కట్టె ఇళ్ళతో ముచ్చటగా ఉంటాది, పొగమంచు రోజైతే అది చూసి వచ్చేయండి.

బెర్లిన్ రెండు గంటల్లోపే, ఎప్పుడైనా పోవచ్చు కాబట్టి దానికంటూ వీకెండ్ దాచుకోబళ్ళేదు. పార్లమెంట్ డోమ్ ఫ్రీ, ఆన్‌లైన్‌లో ముందే పేరు రాయించుకోవాలి, పాస్‌పోర్ట్ మర్చిపోవద్దు. బ్రిట్జ్‌లో శ్రీలంక తమిళుల మురుగన్ గుడి ఉంది, సంక్రాంతికి మేం ఆడికే పోయినాం.

ఆదివారం దాదాపు సూపర్‌మార్కెట్లన్నీ మూసేస్తారు, శనివారమే కొనిపెట్టుకోండి. నీళ్ళ బాటిళ్ళు పారేయొద్దు, ఒక్కసారి వాడే ప్లాస్టిక్‌వి సూపర్‌మార్కెట్లో ఉండే మిషన్లో వేస్తే ఒక్కోదానికి 25 సెంట్లు వెనక్కొస్తాయి.

మా వాడికైతే దిగిన రెండో వారమే బాస్టై పొమ్మని చెప్పినా, రూము సర్దుకోకపోయినా సరే. అక్టోబర్లో ఆ అడవంతా ఆకులు పసుపు తిరిగి ఉంటాయి, నవంబర్ దాటితే ఆ మెట్లు జారతాయి, పొద్దు కూడా చాలదు.