మట్టికోటా, ముళ్ల అడవా?

1801లో ఈస్టిండియా కంపెనీపై తిరగబడిన దక్షిణాది పాళెగాళ్లకు రెండు ప్రధాన స్థావరాలు ఉండేవి: పాంచాలంకురిచ్చి కోట, శివగంగ సీమలోని కాళయార్‌కోవిల్ అడవి. రెండింటిలో ఏది మేలు?

కోట అక్కడి పాళెగాడు వీరపాండ్య కట్టబొమ్మన వంశానిది. తెలుగు మూలాలున్న కుటుంబం. 1799 అక్టోబరులో ఆయనను కయత్తారులో ఉరితీశారు, కోటను నేలమట్టం చేశారు. 1801 ఫిబ్రవరిలో తమ్ముడు ఊమైదురై పాళయంకోట చెర నుంచి తప్పించుకుని, రోజుల వ్యవధిలోనే గోడలు మళ్లీ లేపాడు. మట్టి గోడలేగా అని చులకన చేయకండి. ఫిరంగి గుండుకు రాయి పగులుతుంది, మట్టి దాన్ని మింగేస్తుంది. మార్చి 31 నాటి దాడి ఘోరంగా విఫలమైంది. పైగా పాత దొర కోట అంటే జనానికి అభిమానం, అది అడవికి ఎక్కడిది? అయితే కోట కదలలేదు. అదనపు బలగం, ఫిరంగులు వచ్చాక మే 24న పడిపోయింది.

అడవి శివగంగను ఏలిన మరుదు సోదరులది. దారి నరుక్కుంటూ కంపెనీ సైన్యం వారాల తరబడి తంటాలు పడి, విసిగి వెనుదిరిగింది. ఫిరంగికి అక్కడ గురి ఏది? చివరికి అక్టోబరు 1న వేరే దారి పట్టి చొరబడింది.

ధాన్యం, మందుగుండు దాచడానికి కోటే మేలు. నా మొగ్గు మాత్రం అడవికే. కోట పోయాక ఊమైదురై చేరింది కూడా మరుదుల దగ్గరికే.