తీసివేతకు డీన్స్ బ్లాకులు: నాలుగేళ్లు వాడాక

నేను 2, 3 తరగతులకు లెక్కలు చెబుతాను. నాలుగేళ్ల కిందట చెక్క డీన్స్ బ్లాకుల సెట్టు ఒకటి కొన్నాను. సెంటీమీటరు ఘనం విలువ ఒకటి, పది ఘనాలంత కడ్డీ పది, పది కడ్డీలంత పలక వంద, పది పలకలంత దిమ్మె వెయ్యి. హంగేరీలో పుట్టిన గణితవేత్త జోల్టన్ డీన్స్ పేరు మీద వీటినలా పిలుస్తారు.

అంతకుముందు మా పిల్లలు 52లోంచి 27 తీసేయమంటే 35 అని వేసేవాళ్లు. 2లోంచి 7 పోదు కాబట్టి 7లోంచి 2 తీసేసేవాళ్లు. "పక్కింట్లో అప్పు తెచ్చుకో" అని నేనూ అందరిలాగే చెప్పేదాన్ని. "ఆ అప్పు ఎప్పుడు తీరుస్తాం టీచర్?" అని ఒక పాప అడిగింది. ఆ రోజు నుంచి అప్పు అనడం మానేశాను. ఇప్పుడు 'చిల్లర మార్చడం' అంటున్నాను. పది రూపాయల నోటిచ్చి పది రూపాయి బిళ్లలు తెచ్చుకోవడం వాళ్లకు తెలిసిన పనే.

అయితే బ్లాకులతోనే మొదలుపెట్టడం నేను చేసిన పొరపాటు. కడ్డీ విరగదు. దాన్నిచ్చి పది ఘనాలు ఎందుకు తీసుకోవాలో చాలామందికి అర్థం కాలేదు. అందుకే ఇప్పుడు మొదటి నెలంతా చీపురుపుల్లలే. పదేసి పుల్లలకు రబ్బరు బ్యాండ్ వేస్తారు, కావలసినప్పుడు కట్ట విప్పుతారు. కట్ట విప్పిన చేతికి కడ్డీ మార్చడం వెంటనే వచ్చేస్తుంది.

బ్లాకులు బాగా పనికొచ్చేది వరసల దగ్గర. 12−7, 22−7, 32−7, 42−7 చేయిస్తాను. 5, 15, 25, 35 వస్తాయి. ప్రతిసారీ ఒక కడ్డీ తగ్గుతుంది, ఒకట్లలో మాత్రం 5 కదలదు. మూడో లెక్కకే పిల్లలు జవాబు ముందే చెప్పేస్తారు. ఇరవై రెండు, ముప్పై రెండు అని పైకి చదివిస్తే పదులు, ఒకట్లు పేరులోనే వినిపిస్తాయి. పన్నెండులో అలా వినపడదు, అక్కడ కాసేపు ఆగాలి. ఇది వచ్చాక 52−27 భయపెట్టదు: రెండు కడ్డీలు తీస్తే 32, అందులోంచి 7 పోతే 25. 9 తీసేయాలంటే ఒక కడ్డీ ఇచ్చి ఒక ఘనం వెనక్కి తీసుకుంటారు. పదులు ఒకటి తగ్గి ఒకట్లు ఒకటి పెరుగుతాయని వాళ్లే కనిపెట్టారు. 59−9 దగ్గర మాత్రం పదులు తగ్గవని ఒక బాబు పట్టుకున్నాడు. ఆ పీరియడంతా దాని మీదే గడిచింది, నాకెంత సంతోషమేసిందో!

300−148 కోసమైతే ఈ సెట్టు కొనాల్సిందే. ఒక పలక మారిస్తే పది కడ్డీలు, అందులో ఒకటి మారిస్తే పది ఘనాలు. బల్ల మీద రెండు పలకలు, తొమ్మిది కడ్డీలు, పది ఘనాలు ఉంటాయి. సున్నా మీద 9 ఎందుకు రాస్తామో చూపించడానికి ఇంతకంటే మంచి దారి నాకు దొరకలేదు.

లోపాలూ ఉన్నాయి. ఘనాలు తెగ పోతాయి. నా సెట్టులో నూరుంటే ఇప్పుడు డెబ్బై చిల్లర మిగిలాయి. కొందరు ఎన్నాళ్లయినా ఒక్కో ఘనమే వేలితో తాకి లెక్కపెడుతూ ఉంటారు. వాళ్లకు బ్లాకుల మీద గుడ్డ కప్పి, మనసులో చూసి చెప్పమంటాను. గీతలు లేని నున్నటి కడ్డీలు మాత్రం కొనకండి, అందులో పది ఉన్నాయని పిల్లలకు కనిపించదు. ఒక్క సెట్టు ఆరుగురికి సరిపోతుంది. ఈ జూన్‌కి ఇంకో రెండు తెప్పిస్తున్నాను.