ఏది మేలు? ఉద్యోగ వేళల్లో రబ్బరు, రెయిన్‌కోటు మోజు: తిరుపతి ఎండకు ఏది తట్టుకుంటుంది?

రెయిన్‌కోటు తొడుక్కుంటే వినిపించే గరగర, రబ్బరు ఒంటిని పట్టుకున్నప్పటి బిగువు, కొత్త గంబూటు వాసన. వీటి మీద మోజు పడేవాళ్ళు మన చుట్టూ ఉన్నారు. దీనికి ఫెటిష్ అని పేరు, అంటే ఒక వస్తువు మీదో బట్ట మీదో కలిగే లైంగిక ఆకర్షణ. ఎవరికీ హాని లేని ఇష్టం, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఇంట్లో అయితే తలుపు వేసుకుంటే సరిపోతుంది. ఎనిమిది గంటల ఉద్యోగంలో, అదీ మే నెలలో 40 డిగ్రీలు దాటే తిరుపతిలో, ఏది తొడుక్కుని హాయిగా పని చేసుకోవచ్చన్నదే చిక్కు.

ఇక్కడ నాలుగింటిని పోలుస్తున్నాం: పీవీసీ (ఒక రకం ప్లాస్టిక్) రెయిన్‌కోటు, రబ్బరు పూత గుడ్డ కోటు, బట్టల లోపల వేసుకునే లేటెక్సు (పలచటి రబ్బరు షీటుతో చేసిన ఒంటిని పట్టే బట్టలు), గంబూట్లు. చూసేవాళ్ళకు పనికి తగ్గ బట్టలాగే కనిపించాలి, ఒళ్ళు తట్టుకోవాలి. ఈ రెండూ లేకపోతే మిగతా సుగుణాలు ఎన్నున్నా దండగే.

పీవీసీ కోటు

చవక, మెరుపు, చప్పుడు మూడూ కావాలంటే ఇదే. గాంధీ రోడ్డు దుకాణాల్లో వానాకాలం ముందు వేలాడదీసే కోట్లలో ఎక్కువ భాగం ఇదే సరుకు. కుట్టు దగ్గర సూది రంధ్రాలు కనిపిస్తే వద్దు. వేడితో అతికించిన అంచున్నదే తీసుకోండి, నీళ్ళు దిగవు, చిరగడమూ తక్కువ.

పీవీసీ స్వతహాగా గట్టి పదార్థం. మెత్తగా ఉండటానికి అందులో ఒక నూనెలాంటి ద్రవం కలుపుతారు, కొత్త కోటు వాసనలో చాలా భాగం దానిదే. స్కూటర్ డిక్కీలో మడిచి పెట్టి మధ్యాహ్నమంతా ఎండలో నిలిపితే ఆ ద్రవం పైకి వచ్చి మడతలు ఒకదానికొకటి అంటుకుంటాయి. అలా కొన్ని వేసవులు గడిస్తే కోటు అట్టలాగా బిగుసుకుని మడత దగ్గర పగులుతుంది. ఆఫీసులో ఇంకో తంటా ఉంది. బాల్‌పెన్ సిరా, పేపరు అచ్చు పీవీసీలోకి ఇంకిపోతాయి, ఎంత తుడిచినా పోవు. లేత రంగు కోటును ఫైళ్ళ మీద పడేయకండి.

చిరిగితే సైకిల్ పంక్చర్ సొల్యూషన్ పనికిరాదు. పైపులు అతికే జిగురు కూడా వద్దు, ఆరాక గట్టిపడి ఊడొస్తుంది. మెత్తటి వినైల్‌కని అమ్మే జిగురే వాడాలి. వెల్డింగ్, మంట, వేడి నూనె దగ్గర పని చేసేవాళ్ళు పీవీసీ జోలికే పోకూడదు, అది కరిగి చర్మానికి అంటుకుంటుంది.

తిరుపతిలో ఇది ప్రయాణం కోటు, కూర్చునే కోటు కాదు. బండి మీద వచ్చి, లోపలికి రాగానే తీసి తగిలించడానికి బాగుంటుంది. లోపల గంటసేపు ఉంచుకుంటే చొక్కా తడిసి ముద్దవుతుంది.

(నైలాన్ మీద పాలియురేథేన్ పూత వేసిన తేలిక కోట్లు కూడా ఉన్నాయి. గాలి తేమకు కొన్నేళ్ళలో లోపలి పూత పొట్టులా రాలిపోతుంది. రబ్బరు మోజున్నవాళ్ళకు ఆ స్పర్శ కూడా దక్కదు.)

రబ్బరు పూత గుడ్డ కోటు

మా మొగ్గు ఇటే. 1823లో చార్లెస్ మెకింటాష్ రెండు గుడ్డల మధ్య నాఫ్తా అనే ద్రావకంలో కరిగించిన రబ్బరు పరిచి పేటెంటు తీసుకున్నాడు, ఈ కోటు పుట్టుక అదే. మొదటి కోట్లు ఎండకు జిగురుగా మారి చలికి బిగుసుకునేవి. 1840ల్లో రబ్బరును గంధకంతో వేడి చేసి గట్టిపరచడం (వల్కనైజ్ చేయడం) వచ్చాక ఆ బాధ తీరింది. మన దేశంలో 1920లో సురేంద్ర మోహన్ బోస్ కలకత్తాలో మొదలుపెట్టిన బెంగాల్ వాటర్‌ప్రూఫ్ సంస్థ డక్‌బ్యాక్ పేరుతో ఈ కోట్లను ఇంటింటికీ చేర్చింది. అందుకే పెద్దవాళ్ళ కంటికి ఇది వింత బట్ట కాదు, గౌరవమైన వాన కోటు. ఆఫీసులో ఈ మోజును నిలబెట్టుకోవాలంటే ఇంతకంటే మంచి తోడు లేదు.

బరువుగా వేలాడుతుంది, చప్పుడు తక్కువ, తడిస్తే అసలైన రబ్బరు వాసన లేస్తుంది. మన జిల్లాలకు గట్టి వానలు ఈశాన్య రుతుపవనంతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వస్తాయి. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏర్లయిన సంగతి ఎవరూ మరవలేదు. ఆ మూడు నెలలూ రోజూ వేసుకున్నా ఎవరూ తిరిగి చూడరు. ముసురు పట్టిన రోజున ఏసీ గదిలో అరగంట ఎక్కువ ఉంచుకున్నా ఇబ్బంది ఉండదు. లోపల పొడుగు చేతుల నూలు చొక్కా ఉంటే చెమట అది పీల్చుకుంటుంది.

ఎక్కువగా పాడయ్యేది కుట్టు మీది పట్టీ. వేడికి జిగురు వదిలి అంచు లేస్తుంది. దీనికి మాత్రం పంక్చర్ సొల్యూషనే మందు. పాత జిగురు వేలితో నలిపి తీసేసి, సన్నటి ఎమిరీ కాగితంతో రెండు వైపులా తేలిగ్గా గరుకు చేయండి. రెండు వైపులా పలచగా సొల్యూషన్ రాసి, వేలికి అంటనంత ఆరేదాకా, అంటే 5 నుంచి 10 నిమిషాలు, ఆగండి. ఆపైన అతికించి గాజు సీసాతో గట్టిగా దొర్లించి, 24 గంటలు కదపకండి. తడి మీదే అతికిస్తే లోపల బుడగలు మిగిలి వారంలో మళ్ళీ లేస్తుంది.

డ్రైక్లీనింగ్‌కు ఇవ్వొద్దు, ఆ ద్రావకం రబ్బరును ఉబ్బించి పొర ఊడదీస్తుంది. ఇస్త్రీ, వాషింగ్ మెషిన్ కూడా వద్దు. తడి గుడ్డతో తుడిచి, వెడల్పాటి హ్యాంగరుకు నీడలో వేలాడదీస్తే చాలు. తడి మీద మడిస్తే గుడ్డకు బూజు పడుతుంది.

బట్టల లోపల లేటెక్సు

మోజు తీరా తీర్చేది ఇదే, ఇబ్బంది పెట్టేదీ ఇదే. షీటు మందం 0.4 మిల్లీమీటర్లు మామూలు. ఆఫీసు చొక్కా కిందికి అంతకంటే మందం వద్దు, 0.3 అయితే అతుకు గీతలు బయటికి కనిపించవు, కానీ గోరు తగిలినా చిరుగుతుంది.

లేటెక్సు గుండా చెమట ఆవిరి బయటికి పోదు. ఒళ్ళంతా కప్పే సూటు ఉద్యోగానికి పనికిరాదు, ఏసీ ఉన్నా సరే. మధ్యాహ్నం కరెంటు పోతే ఏం చేస్తారు? తలనొప్పి, తల తిరగడం, వాంతి వచ్చేలా ఉండటం ఒంట్లో వేడి మితిమీరిందన్న గుర్తులు. అవి కనిపిస్తే వెంటనే విప్పేసి నీళ్ళు తాగాలి. ఉద్యోగానికి మేజోళ్ళు, చేతుల్లేని బనియను, పొట్టి నిక్కరు, వీటిలో ఏదో ఒకటే వేసుకోండి. మేలైనవి మేజోళ్ళు. ప్యాంటు, బూటు వాటిని పూర్తిగా దాస్తాయి, భోజనం వేళ మార్చుకోవడం తేలిక. మూడు నాలుగు గంటలకు మించి ఉంచితే పాదం నాని తెల్లబడుతుంది, వేళ్ళ సందుల్లో పాచిపోతుంది. సంచిలో ఒక చిన్న తువాలు, నూలు మేజోళ్ళ జత పెట్టుకోండి.

తొడగడానికి టాల్కం పౌడరు చవక, కానీ నల్ల ప్యాంటు మీద తెల్ల మరకలు పట్టిస్తుంది. సిలికోన్ ద్రవం నాలుగు చుక్కలు మేలు. కొబ్బరినూనె మాత్రం దగ్గరికి రానివ్వకండి. తలకు రాసిన చేతితో పట్టుకున్నా లేటెక్సు ఉబ్బి బలం కోల్పోతుంది. పెట్రోలియం జెల్లీ, లోషన్లు కూడా అంతే. రెండో శత్రువు రాగి. రాగి కడియం, ఇత్తడి తాళంచెవి, ఇత్తడి రంగు 5 రూపాయల నాణెం తగిలితే లేత రంగు లేటెక్సు మీద గోధుమ రంగు మరక పడుతుంది, ఇక పోదు. కడియం తీసి బల్ల సొరుగులో పెట్టి తొడుక్కోండి.

ఇంటికి రాగానే గోరువెచ్చని నీటిలో ఒక చుక్క పసిపిల్లల షాంపూ వేసి కడిగి, రెండు నీళ్ళు మార్చి, నీడలో ఒక వైపు ఆరాక తిరగేసి రెండో వైపు ఆరనివ్వాలి. నల్ల గుడ్డ సంచిలో, పీవీసీకి దూరంగా దాచాలి. రెండూ కలిపి పెడితే పీవీసీలోని మెత్తబరిచే ద్రవం లేటెక్సులోకి దిగుతుంది.

అరటి, బొప్పాయి, అవకాడో తింటే నోరు దురద పెట్టేవాళ్ళకు లేటెక్సు కూడా పడకపోవచ్చు. దద్దుర్లు, తుమ్ములు, ఊపిరి ఆడకపోవడం వస్తే ఇంకెప్పుడూ ప్రయత్నించకండి. వాళ్ళకు పీవీసీయే దారి.

గంబూట్లు

పని వాటిని అడిగితే ఇక ఎంచాల్సింది ఏమీ లేదు. చిత్తూరు చుట్టూ ఉన్న మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో తోతాపురి కాలంలో నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది. గంబూట్లు, నీళ్ళు దిగని ఏప్రన్ అక్కడ మామూలు వేషం. పాల డెయిరీల్లోనూ అంతే. ఆ ఉద్యోగంలో ఉన్నవాళ్ళు లేటెక్సు కోసం తంటాలు పడనక్కర్లేదు. కంప్యూటరు ముందు కూర్చునేవాళ్ళకు గంబూట్లు వానరోజున తప్ప నప్పవు.

రబ్బరువి బరువు, మెత్తన, వాసన ఎక్కువ. పీవీసీవి తేలిక, మెరుపు ఎక్కువ. రబ్బరు బూటు మీద తెల్లటి పొడి పూస్తే అది బూజు కాదు, లోపలి మైనం, గంధకం పైకి రావడం. సిలికోన్ గుడ్డతో తుడిస్తే పోతుంది. రాత్రి పాత పేపరు కుక్కి ఉంచితే పొద్దుటికి తడి లాగేస్తుంది.

ఏది వేసుకున్నా, ఆ ఇష్టం వేసుకున్నవాళ్ళది మాత్రమే. పక్క సీటువాళ్ళను తాకి చూడమనడం, లోపల ఏముందో చెప్పి వాళ్ళ ముఖం చూడటం తప్పు. ఎదుటివాళ్ళు కోరని లైంగిక ధోరణి మాటైనా, సైగైనా, 2013 నాటి పని చోట మహిళలపై లైంగిక వేధింపుల నివారణ చట్టం కింద నేరుగా ఫిర్యాదు దాకా వెళ్తుంది. యూనిఫాం నిబంధన ఉన్న చోట పైన కనిపించేది నిబంధన ప్రకారమే ఉండాలి. అందుకే ఆఫీసువాళ్ళకు వానాకాలంలో రబ్బరు గుడ్డ కోటు, మిగతా నెలల్లో ప్యాంటు కింద లేటెక్సు మేజోళ్ళు అంటున్నాం. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం బయట తిరిగే ఉద్యోగమైతే అవి కూడా ఇంట్లోనే ఉంచండి.